ఫ్లారెన్సులో మూడు దినములు

విదేశయాత్ర యనగానే ఒకప్పుడు నెలలతో కూడిన పని. ఓడ యెక్కి, సముద్రములు దాటి, తిరిగి యిల్లు చేరుసరికి సంవత్సరము గడచెడిది. నేడట్లు కాదు. మన తెలుగు కుటుంబములలో అనేకులకు కుమారుడో కుమార్తెయో, తమ్ముడో మేనకోడలో జర్మనీలోనో ఇంగ్లండులోనో హాలండులోనో చదువుకొనుచున్నారు. లేదా ఉద్యోగము చేయుచున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులకును, వారాంతపు సెలవులకు మరియొక దినము కలుపుకొనిన ఆ పిల్లలకును, ఐరోపాలోని ఏదో యొక ప్రాచీన నగరమును చూచి రావలెనను కోరిక కలుగుట సహజము. కోరిక కలుగుట సులభమే. చేతిలోనున్న మూడు దినములను ఎట్లు గడపవలెనో నిర్ణయించుట మాత్రము సులభము కాదు.

ఏలనగా, ఇట్టి ప్రయాణము పలువురకు జీవితమున ఒక్కసారి లభించునది. ధనము వ్యయమగును, మోకాళ్ళలోని శక్తియు వ్యయమగును. అంత వ్యయపడి వెళ్ళి, వరుసలలో నిలువబడుటతోను, ఛాయాచిత్రములు తీసికొనుటతోను కాలము గడపి, తిరిగి వచ్చిన పిమ్మట ఏమి చూచితిరని అడిగినచో పేర్లు తప్ప మరేమియు చెప్పలేని స్థితి కలుగరాదు. అందుచేత ఈనాటి ప్రసంగములో ఒక్క నగరమును ఉదాహరణముగా తీసికొని, స్వల్పకాలపు యాత్రను ఎట్లు సిద్ధపరచుకొనవచ్చునో మనవి చేసెదను. ఆ నగరము ఇటలీ దేశములోని ఫ్లారెన్సు. అచ్చటి వారు దానిని ఫిరెంజె అని పిలిచెదరు.

ఈ నగరమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. రోము మహానగరము మూడు దినములకు లొంగునది కాదు. ఫ్లారెన్సులోని పాత పట్టణమో, కాలినడకకు అనువైనది. రైలుస్టేషను నుండి బయలుదేరి, ప్రధాన దేవాలయము మీదుగా, నగరపు తూర్పు భాగమందలి సాంతా క్రోచె దేవాలయమునకు నెమ్మదిగా నడచినను అర్ధగంటకు మించదు. ఆర్నో నది పట్టణమధ్యమున ప్రవహించుచున్నది. ముఖ్య కట్టడములలో చాలవరకు నదికి ఉత్తరముననే గుమిగూడియున్నవి. దక్షిణముననున్నది పనివారలును చేతివృత్తులవారును నివసించిన పేట. ఈ భౌగోళికము మనసున నిలిచినచో యాత్రాప్రణాళికలో సగము పూర్తియైనట్లే.

ముందుగా కాలనిర్ణయము. జూలై, ఆగస్టు మాసములలో ఈ నదీలోయలో ఉక్కపోత యధికము, జనసమ్మర్దమును అధికమే. వేసవి మనకు క్రొత్త కాదుగదా యని బయలుదేరినవారు కూడ, ఎండలో వరుసలయందు నిలువవలసి వచ్చినపుడు విసుగు చెందుదురు. ఏప్రిలు, మే మాసములును, సెప్టెంబరు, అక్టోబరు మాసములును అనుకూలములు. చలికి వెరవనివారికి జనవరి, ఫిబ్రవరి మాసములు ఇంకను మేలు. అప్పుడు చిత్రశాలలలో ఒక పటము ఎదుట తీరికగా నిలువ వీలగును. మరియొక విశేషము. ఫ్లారెన్సు వారికి 1749వ సంవత్సరము వరకు నూతన సంవత్సరము జనవరి మొదటి తేదీని గాక మార్చి 25వ తేదీని ఆరంభమయ్యెడిది. మన యుగాది వచ్చు రోజులలోనే వారికిని సంవత్సరాది యన్నమాట. నేటికిని ఆ దినమున నగరములో ఉత్సవము జరుగును.

తరువాత వారనిర్ణయము. ఇది చిన్న విషయముగ తోచును గాని, దీనిని గమనింపక చిక్కుపడువారు పెక్కురు. ఉఫ్ఫిత్సి చిత్రశాలయు, అక్కాదేమియా చిత్రశాలయు సోమవారము మూసియుండును. కావున శని, ఆది, సోమవారములలో వెళ్ళువారు సోమవారమును వీధులకును దేవాలయములకును కేటాయించి, చిత్రశాలలను ముందు చూడవలెను. శుక్ర, శని, ఆదివారములైనచో ఈ చిక్కు లేదు. ప్రతి మాసమున మొదటి ఆదివారము ఇటలీ ప్రభుత్వపు చిత్రశాలలకు ప్రవేశము ఉచితము. ఉచితమనగానే సంతసింపవలదు, ఆ దినమున జనము విశేషముగా వత్తురు. మూడే దినములున్నవారికి రుసుముకంటె కాలమే విలువైనది. ఉఫ్ఫిత్సికిని అక్కాదేమియాకును ముందుగానే వేళ నిర్ణయించుకొని టిక్కెట్టు కొనవచ్చును. దానికి కొద్దిపాటి యదనపు రుసుము పుచ్చుకొందురు. ఆ రుసుము చెల్లించుటయే మంచిది.

అనుమతిపత్రముల మాట యొకటి. భారతదేశపు పాస్‌పోర్టు గలవారికి షెంగెన్ వీసా కావలెను. ప్రయాణమునకు ఆరు మాసములకు ముందుగా దరఖాస్తు చేయుటకు వీలు లేదు. పదునైదు దినములకు లోపుగా చేయరాదు. కనీసము 30,000 యూరోలకు వైద్యబీమా కూడ ఉండవలెను. జర్మనీ, ఫ్రాన్సు వంటి షెంగెన్ దేశములలో నివాసానుమతి పొందియున్న మన విద్యార్థులు ఆ యనుమతిపత్రముతోను పాస్‌పోర్టుతోను ఇటలీకి స్వల్పకాలమునకు పోవచ్చును. ఇంగ్లండులో నున్నవారికి మాత్రము, అచ్చటి వీసా ఇటలీకి చెల్లదు; వేరుగా వీసా పొందవలసినదే. ఈ భేదము తెలియక టిక్కెట్లు ముందు కొని పిదప చింతించుట తగదు.

ఇక నగరచరిత్ర. గ్రంథములకొలది చదువ నక్కరలేదు. నాలుగు సంగతులు తెలిసిన చాలును. ఫ్లారెన్సు రాజులు కట్టిన నగరము కాదు, వర్తకులు కట్టినది. ఉన్నిబట్టల వ్యాపారము, వడ్డీవ్యాపారము ఈ నగరమునకు ధనము తెచ్చినవి. 1252వ సంవత్సరమున ఇచ్చటి వారు ముద్రించిన ఫ్లోరిన్ అను బంగారునాణెము ఐరోపా యంతటను చెలామణి యయ్యెను. ఆ ధనముతోనే వర్తకసంఘములు దేవాలయములకు శిల్పములు చేయించెను, అనాథాశ్రమములు కట్టించెను. 1434 నుండి మెదిచి కుటుంబము పెత్తనము వహించెను. కాలక్రమమున ఆ కుటుంబమువారు ఈ ప్రాంతమునకు ప్రభువులైరి. ఇది రెండవ సంగతి.

మూడవ సంగతి యొక స్త్రీని గూర్చినది. మెదిచి వంశమున కడపటి వ్యక్తి అన్నా మరియా లూయీసా. ఆమెకు సంతానము లేదు. సోదరుడు 1737లో మరణించెను. రాజ్యము పరవంశమువారి వశమగుట నిశ్చయమయ్యెను. రాజ్యమును నిలుపుట ఆమె చేతిలో లేదు. అప్పుడామె క్రొత్త ప్రభువులతో ఒక యొడంబడిక చేసికొనెను. తన వంశమువారు మూడు శతాబ్దములుగా కూడబెట్టిన చిత్రములు, శిల్పములు, గ్రంథములు, మణిభూషణములు, సమస్తమును వారికి ఇచ్చివేయుటకు అంగీకరించెను. అయితే ఒక నియమము: వానిలో ఏ యొక్కటియు ఫ్లారెన్సు నగరమును విడిచి పోరాదు. అవి రాజ్యమునకు అలంకారముగను, ప్రజలకు ఉపయోగకరముగను, విదేశీయుల కుతూహలమును ఆకర్షించునట్లును ఉండవలెనని ఆ పత్రములో వ్రాయించెను. ఐరోపాలోని ఇతర రాజవంశముల సేకరణములు కొన్ని అమ్ముడుపోయి చెల్లాచెదరైనవి. ఫ్లారెన్సు సేకరణము ఆ నగరమునందే నిలిచినది. నేడు మనము టిక్కెట్టు కొని చూచుచున్నది ఆమె పట్టుదల ఫలితమే. నాలుగవ సంగతి 1966వ సంవత్సరపు వరద. దానిని తరువాత ప్రస్తావింతును.

ఇక మూడు దినముల క్రమము. నా సూచన యిది: ఉదయమున ఒక పెద్ద దర్శనీయము, మధ్యాహ్నము భోజనమును విశ్రాంతియు, సాయంకాలమున నడకయు, ఒక చిన్న స్థలమును. దినమునకు ఇంతకు మించి పెట్టుకొనరాదు.

మొదటి దినము ప్రధాన దేవాలయమునకు. దాని నిర్మాణము 1296లో ఆరంభమైనది. నూరు సంవత్సరములు దాటినను, నడుమ సుమారు 45 మీటర్ల వెడల్పుగల ఎనిమిది మూలల రంధ్రము ఆకాశమునకు తెరచుకొనియే యుండెను. అంత వెడల్పున గుమ్మటమెట్లు కట్టుట? క్రింద నుండి ఆనికగా నిలుపుటకు అంతటి కొయ్యకట్టడము అసాధ్యము. 1418లో పోటీ ప్రకటించిరి. ఫిలిప్పో బ్రునెల్లెస్కి యను స్వర్ణకారుడు, కొయ్యల ఆధారము లేకయే కట్టెదనని ముందుకు వచ్చెను. 1420లో పని ఆరంభించి 1436లో ముగించెను. ఒకదానిలో ఒకటిగా రెండు గుల్లలు. నలువది లక్షలకు పైగా ఇటుకలు. ఇటుకలను అడ్డముగా పేర్చిన వరుసల నడుమ కొన్నిటిని నిలువుగా పెట్టి, చేపముల్లు వలె మెలిక వేసి, గారయెండకముందే జారిపోకుండునట్లు చేసెను.

ఆ రెండు గుల్లల నడుమనే మెట్లు కలవు. వాని సంఖ్య 463. యంత్రపు మెట్లు గాని, పైకి చేర్చు లిఫ్టు గాని లేవు. శక్తిగలవారు ముందుగా వేళ నిర్ణయించుకొని యెక్కవలెను. ఎక్కునపుడు ఇటుకల కూర్పును ప్రక్కనుండియే చూడవచ్చును. హృద్రోగముగలవారును మోకాళ్ళ నొప్పిగలవారును ఎక్కుటకు యత్నింపరాదు. వారికి నష్టమేమియు లేదు. దేవాలయము వెనుకనే ఆ కట్టడమునకు సంబంధించిన ప్రదర్శనశాల యున్నది. గిబెర్తి 27 సంవత్సరములు శ్రమించి 1452లో ముగించిన బంగారుపూత తలుపులు, స్వర్గద్వారములని ప్రసిద్ధి గాంచినవి, నేడు అచ్చటనే కలవు. బయట జ్ఞానస్నానమందిరమునకున్నవి వాని ప్రతికృతులు. ఆ ప్రతికృతుల యెదుట జనము క్రిక్కిరిసియుండ, అసలు తలుపుల యెదుట తరచు ప్రశాంతముగా నుండుట చిత్రము. మికెలాంజెలో వృద్ధాప్యమున చెక్కి, అసంతృప్తితో పగులగొట్టిన యొక శిల్పమును, దోనతెల్లో కొయ్యతో మలచిన మగ్దలేనా ప్రతిమయు ఇచ్చటనే చూడవచ్చును.

రెండవ దినము ఉదయము ఉఫ్ఫిత్సి. ఆ మాటకు కార్యాలయములని యర్థము. 1560లో కోసిమో ప్రభువు తన ప్రభుత్వ కచేరీలకై వజారి యను చిత్రకారుని చేత దీనిని కట్టింప మొదలిడెను. ఇందు గదులు అనేకము. అన్నిటిని చూడబూనినచో ఏదియు చూడనట్లే. బయలుదేరకముందే ఇంటనుండగా పది చిత్రములను ఎన్నుకొనుడు. జొత్తో చిత్రించిన సింహాసనస్థయగు మేరీమాత, బొత్తిచెల్లి వసంతము, వీనస్ జననము, లియొనార్డో యౌవనమునాటి దేవదూత వార్త, మికెలాంజెలో వృత్తాకారపు చిత్రము, కరవజ్జో మెడూసా: ఇట్లొక పట్టిక వ్రాసికొని, ఒక్కొక్కదాని యెదుట పది నిమిషములు నిలిచినచో రెండు గంటలు గడచును. జొత్తో నుండి బొత్తిచెల్లి వరకు రమారమి 170 సంవత్సరములు. ఈ మధ్యకాలమున మనుష్యుని ముఖమును, శరీరమును చిత్రకారులు చూచెడి తీరు ఎట్లు మారినదో వరుసగా చూచినవారికి ఎవరును బోధింప నవసరము లేకయే తెలియును.

అతిగా చూచుట యొక రుగ్మతకు కూడ దారితీయునని ఈ నగరమే లోకమునకు చెప్పినది. ఫ్రెంచి రచయిత స్టెంధాలు 1817లో సాంతా క్రోచె దేవాలయమును దర్శించి, వెలుపలికి వచ్చుసరికి గుండె దడదడలాడి, పడిపోదునేమో యను భయముతో నడచితినని వ్రాసెను. ఫ్లారెన్సు ఆసుపత్రిలో మానసిక వైద్యురాలగు గ్రాత్సియెల్లా మగెరీని అట్టి లక్షణములతో వచ్చిన విదేశయాత్రికులను అనేకులను పరిశీలించి, ఆ స్థితికి స్టెంధాలు పేరు పెట్టి 1989లో గ్రంథము ప్రకటించెను. దీనిని అందరు వైద్యులును వ్యాధిగా పరిగణింపరు. మనకు అంత దూరము పోనక్కరలేదు. నాలుగు గంటలు చలువరాతి నేలపై నిలిచినవానికి తల తిరుగుటకు కళయే కారణము కానక్కరలేదు. విశ్రాంతి ముఖ్యమని మాత్రము గ్రహించిన చాలును.

ఆ సాయంకాలము నది దాటుడు. పోంతె వెక్కియో, అనగా పాతవంతెన, 1345లో కట్టినది. దానిపై నుండిన మాంసపు దుకాణములను 1593లో తొలగింపజేసి, స్వర్ణకారులకు చోటిచ్చిరి. నేటికిని అవి బంగారు దుకాణములే. 1944 ఆగస్టులో జర్మను సేనలు వెనుదిరుగుచు నగరములోని వంతెనలన్నిటిని ప్రేల్చివేసెను, ఇదొక్కటి మిగిలినది. పడిపోయిన సాంతా త్రీనితా వంతెనను, నదిలోనుండి వెలికితీసిన పాతరాళ్ళను సాధ్యమైనంత వరకు ఉపయోగించి, పూర్వరూపముననే 1958 నాటికి పునర్నిర్మించిరి. దానిపైనున్న నాలుగు ఋతువుల ప్రతిమలలో వసంతమునకు శిరస్సు మాత్రము దొరకలేదు. 1961లో అది నదిగర్భమున కనబడెను. ఇప్పుడు యథాస్థానమున నున్నది. వంతెనపై నడచువారు చూడవచ్చును.

నది కావలి పేటలో సాంతా మరియా దెల్ కార్మినె దేవాలయమున బ్రంకాచ్చి మందిరము కలదు. మజాచ్చో అను యువకుడు 1420వ దశకమున ఇచ్చటి గోడలపై చిత్రములు వ్రాసి, చిన్న వయసుననే కన్నుమూసెను. స్వర్గమునుండి వెడలగొట్టబడిన ఆదాము, హవ్వల దుఃఖమును అందు చూడవలెను. చిన్న మందిరము కావున కొద్దిమందినే లోనికి పంపుదురు. వేళను ముందుగా నిర్ణయించుకొనుడు. పిదప ఓపిక యున్నచో కొండపైనున్న సాన్ మినియాతో దేవాలయమునకు పోవచ్చును. సూర్యాస్తమయవేళ నగరమంతయు అచ్చటనుండి కనిపించును. నడువలేనివారికి బస్సు కలదు.

మూడవ దినము ఉత్తరభాగమునకు. ఇచ్చట మూడు స్థలములు దగ్గరదగ్గరనే యున్నవి. అక్కాదేమియాలో మికెలాంజెలో చెక్కిన దావీదు ప్రతిమ. ఆ చలువరాతిని 1464లో మరియొక శిల్పి చెక్కనారంభించి విడిచిపెట్టెను. అది యెండకు వానకు దశాబ్దములు పడియుండెను. 1501లో, ఇరువదియారేండ్ల వయసున, మికెలాంజెలో దానిని చేపట్టి, 1504 నాటికి అయిదు మీటర్లకు పైబడిన ఈ రూపమును వెలువరించెను. దానిని ఎచ్చట నిలుపవలెనో నిర్ణయించుటకు కూర్చిన సభలో లియొనార్డోయు బొత్తిచెల్లియు సభ్యులు. 1873లో దానిని ఇచ్చటికి తెచ్చిరి. ప్రతిమ చేరకముందు నడవలో, రాతిలోనుండి సగమే వెలువడిన బందీల శిల్పములు కలవు. జనులు వానిని దాటి పరుగెత్తుచుందురు. శిల్పి ఉలి ఎట్లు నడచినదో ఆ యసంపూర్ణ శిల్పములలోనే స్పష్టముగ కనబడును.

రెండవది సాన్ మార్కో సన్యాసిమఠము. ఫ్రా ఆంజెలికో యను సన్యాసి ఒక్కొక్క గదిలో ఒక్కొక్క చిత్రము వ్రాసెను. అవి ప్రదర్శనకు వ్రాసినవి కావు. ఆ గదిలో నివసించు ఒక్క సన్యాసి ధ్యానమునకై వ్రాసినవి. అందుచేత వానికి ఆడంబరము లేదు.

మూడవది యనాథశిశువుల ఆశ్రమము. పట్టువర్తకుల సంఘము దీనిని స్థాపించినది. 1419లో బ్రునెల్లెస్కియే దీని ముఖమండపమునకు రూపకల్పన చేసెను. 1445 ఫిబ్రవరి 5వ తేదీని మొదటి శిశువును, ఒక ఆడుబిడ్డను, ఇచ్చట విడిచిరి. ఆ బిడ్డకు ఆగతా స్మెరాల్దా యని పేరు పెట్టిరి. నేడిది ప్రదర్శనశాల. ఇందు ఒక బీరువా నిండ చిన్న చిన్న సొరుగులు. ఒక్కొక్క సొరుగులో సగము విరిచిన నాణెము, పతకపు ముక్క, పూసల దండలో కొంత భాగము. బిడ్డను విడిచిపోవు తల్లి, ఎన్నడైన దినము బాగుపడినచో తిరిగి వచ్చి గుర్తు చూపి తీసికొనవలెనను ఆశతో, ఒక సగము బిడ్డకు కట్టి, రెండవ సగము తనవద్ద నుంచుకొనెడిది. ఇచ్చట మిగిలినవి ఆ సగములు. ప్రసిద్ధ చిత్రశాలల పట్టికలో ఈ స్థలమునకు పెద్దపేరు లేదు. అయినను దావీదును చూడబోవువారు ఈ గదిని కూడ చూచి రావలెనని నా కోరిక. నగరమునకు ధనము ఎట్లు వచ్చెనో, అది దేనికి వ్యయమయ్యెనో, ఆ ధనము చేరని యిండ్లలో జీవనమెట్లుండెనో ఇచ్చట తెలియును.

సాయంకాలము సాంతా క్రోచె. మికెలాంజెలో, గెలీలియో, మకియవెల్లి సమాధులు ఇచ్చట కలవు. దాంతె కవికి స్మారకము మాత్రమే. నగరము నుండి బహిష్కృతుడైన ఆ మహాకవి 1321లో రవెన్నాలో మరణించి, అచ్చటనే సమాధి చేయబడెను. 1966 నవంబరు 4వ తేదీని ఆర్నోనది పొంగి ఈ పేటను ముంచివేసెను. చిమబూయె చిత్రించిన గొప్ప సిలువచిత్రము సగమునకు పైగా రంగు కోల్పోయెను. ప్రక్కనున్న జాతీయ గ్రంథాలయములో లక్షలకొలది పుస్తకములు బురదలో కూరుకొనిపోయెను. అప్పుడు ఇటలీ నుండియు ఇతర దేశములనుండియు యువకులు, యువతులు వచ్చి, చేతికి చేయి అందించుచు ఆ పుస్తకములను వెలికి తీసిరి. వారిని బురదలోని దేవదూతలని నగరవాసులు నేటికిని గౌరవముతో తలంతురు. వజారి వ్రాసిన కడపటి విందు అను చిత్రమును బాగుచేసి తిరిగి నిలుపుటకు ఏబది సంవత్సరములు పట్టెను. అది 2016లో ఈ దేవాలయమునకు చేరినది. ఆ పేటలో నడచునపుడు, ఇండ్లగోడలపై తలకంటె ఎత్తున వరదమట్టపు గుర్తులను చూడుడు.

భోజనము, మర్యాద, ఖర్చు గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఇచ్చటి రొట్టెలో ఉప్పుండదు. అది వంటవాని మరపు కాదు, ఆ ప్రాంతపు వాడుక. శాకాహారులకు చిక్కుడుగింజలు, ఆకుకూర, రొట్టె కలిపి యుడికించు రిబొల్లీత యను పులుసును, టొమాటో రొట్టె పులుసును లభించును. మాంసపు రసము చేర్చిరా యని ముందుగా అడుగుట మేలు. కాఫీని నిలువబడి త్రాగినచో ఒక ధర, కూర్చుండి త్రాగినచో అంతకంటె హెచ్చు ధర. భోజనశాలలలో కూర్చున్నందుకు తలకొక చిన్న రుసుము బిల్లులో చేర్చుదురు. బసలలో రాత్రికొక నగరపు పన్ను వేరుగా చెల్లింపవలెను. దేవాలయములలో భుజములు, మోకాళ్ళు కప్పియుండవలెను. ఈ నియమము మనకు కష్టము కాదు. అద్దెకారు తీసికొనవలదు, పాతపట్టణములో అనుమతిలేని వాహనములకు జరిమానా పడును. స్థానికపు రైళ్ళలో కాగితపు టిక్కెట్టును ఎక్కకముందు యంత్రములో ముద్ర వేయించుట మరువరాదు.

బస విషయమున ఒక విన్నపము. ఈ పాతపట్టణము 1982 నుండి ప్రపంచ వారసత్వ స్థలము. యాత్రికులు పెరిగినకొలది పాతయిండ్లు స్వల్పకాలపు అద్దెలకు మారి, నివాసులకు ఇండ్లు దొరకుట కష్టమైనది. 2023లో నగరపాలకసభ ఆ ప్రాంతమున క్రొత్తగా అట్టి యద్దెలను నిలుపుచేయుటకు తీర్మానించెను. రెండు గంటలలో పరుగెత్తి చూచి పోవువారికంటె, మూడు రాత్రులుండి, అచ్చటి అంగళ్ళలో కొని, అచ్చటి భోజనశాలలలో తినువారే నగరమునకు మేలు చేయుదురు. సక్రమముగ నడచు బసను ఎన్నుకొనుట యాత్రికుని ధర్మము.

చివరగా మనకును ఈ నగరమునకును గల పాత సంబంధమును జ్ఞాపకము చేసెదను. విజయనగరమును దేవరాయల కాలమున దర్శించిన వెనీసు వర్తకుడు నికోలో కాంటి పేరు మన చరిత్రగ్రంథములలో చదివియున్నాము. ఆయన స్వదేశమునకు తిరిగిపోయిన పిమ్మట, పోపు ఫ్లారెన్సులో నివసించుచుండిన 1439వ సంవత్సర ప్రాంతమున, తన యాత్రావిశేషములను చెప్పగా, పోపు కార్యదర్శి పొజ్జో బ్రాచ్చొలీని లాటిను భాషలో వ్రాసెను. విజయనగరపు చుట్టుకొలత అరువది మైళ్ళను మాట ఐరోపాకు తెలిసినది ఆ వ్రాతవలననే. బ్రునెల్లెస్కి గుమ్మటము అప్పటికి పూర్తియై మూడేండ్లయినది.

మరియొకడు ఫిలిప్పో సస్సెట్టి, ఫ్లారెన్సు వర్తకుడు. 1583లో మన దేశమునకు వచ్చి, మిరియాల వ్యాపారము చేయుచు, 1588లో గోవాలో మరణించెను. ఆయన స్వస్థలమునకు వ్రాసిన లేఖలలో ఒక వింతను గుర్తించెను. సంస్కృతమున సప్త, అష్ట, నవ. తమ భాషలో సెత్తె, ఒత్తో, నోవె. ఇచ్చట దేవుడు, అచ్చట దియో. ఇచ్చట సర్పము, అచ్చట సెర్పె. విలియం జోన్సు ఈ సాదృశ్యమును లోకమునకు 1786లో చాటుటకు రెండు వందల సంవత్సరములకు పూర్వమే ఈ వర్తకుడు దానిని గమనించెను.  ఆయన తాను వినిన మాటలను శ్రద్ధగా గమనించినవాడు.

మన యాత్రికులు కూడ మూడు దినములలో అట్టి శ్రద్ధను చూపవచ్చును. బయలుదేరుటకు నెల ముందు ఒక చిన్న పుస్తకములో మూడు ఉదయములకు మూడు పేర్లు వ్రాసికొనుడు. ఆ మూడింటికి టిక్కెట్లు కొనుడు. ఉఫ్ఫిత్సిలోని పది చిత్రములను గూర్చి ముందుగా చదువుకొనుడు. సాయంకాలములను ఖాళీగా విడిచిపెట్టుడు. తిరిగి వచ్చి యింటివారికి చెప్పునపుడు, ఆ పుస్తకములో మీరు స్వయముగ గమనించి వ్రాసికొనిన సంగతులు నాలుగైనను ఉన్నచో, మీ ప్రయాణమునకు పెట్టిన ధనము వృథా కాలేదని భావింపవచ్చును.